డైరెక్ట్ యాక్సెస్ బ్రోకర్‌లో ఆర్డర్‌ని మీరే రూట్ చేయడం: అమెరికా షేర్లకు అడుగడుగునా మార్గదర్శి

ఆర్డర్ టికెట్‌లో "స్మార్ట్" (దారి బ్రోకరే ఎంచుకోవడం) అని ఉన్నచోట "ఆర్కా" అనో "ఎడ్జ్‌ఎక్స్" అనో (రెండూ ఎక్స్ఛేంజీలే) మారిస్తే ఏమవుతుంది? ఎదురుగా షేర్లు కనిపిస్తున్నా ఆర్డర్ సగమే ఎందుకు ఫిల్ (అమలు) అవుతుంది? ఒకే రోజు ఒకే షేరుకు ఒకసారి ఫీజు కట్, ఇంకోసారి రిబేటు జమ ఎందుకు? పదేపదే వచ్చే ఈ ప్రశ్నలకు జవాబు ఒకే చోట ఉంది: ఆర్డర్ ఏ దారిన వెళ్తుంది, దాని మీద మీరు ఏయే షరతులు రాశారు అన్నదాంట్లో.

ఇది అమెరికా మార్కెట్‌కు మాత్రమే. షేరు ఎలా ఎంచుకోవాలో ఇందులో లేదు. ఎంచుకున్న షేరును సరైన దారిన కొనడం, అమ్మడం గురించే.

## 1. ఆర్డర్ నడిచే దారి

కమిషన్ లేని యాప్‌లో "కొను" నొక్కితే ఆ ఆర్డర్ ఎక్కువసార్లు ఎక్స్ఛేంజీ ముఖమే చూడదు. సిటడెల్ సెక్యూరిటీస్, వర్చూ లాంటి హోల్‌సేలర్ దగ్గరికి వెళ్తుంది. ఆ సంస్థే ఎదుటి పక్షంగా నిలబడి ఫిల్ చేస్తుంది, ఆర్డర్ పంపినందుకు చాలా బ్రోకర్లకు డబ్బూ ఇస్తుంది. డైరెక్ట్ యాక్సెస్‌లో ఆ మజిలీని తప్పించి, వెళ్లాల్సిన చోటు మీరే రాస్తారు.

దారి ఇలా ఉంటుంది:

- మీ ప్లాట్‌ఫామ్ నుంచి బ్రోకర్ ఆర్డర్ సర్వర్‌కు.
- అక్కడ రిస్క్ తనిఖీ: బయింగ్ పవర్ (ఖాతాలో ఎంత కొనే శక్తి ఉంది), ఆర్డర్ పరిమాణం, ధర మరీ దూరంగా ఉందా, షార్ట్ (చేతిలో లేని షేర్లను అప్పు తెచ్చి అమ్మడం) అయితే ఆ షేర్లు అప్పు దొరుకుతాయా. 2010 నాటి ఎస్‌ఈసీ (అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ) మార్కెట్ యాక్సెస్ నియమం ప్రకారం ఈ తనిఖీ తప్పనిసరి. అంటే ఎంత "డైరెక్ట్" అయినా బ్రోకర్ గేటు దాటే వెళ్లాలి.
- గేటు దాటాక ఎక్స్ఛేంజీ మ్యాచింగ్ ఇంజన్‌కు (కొనేవాళ్లను అమ్మేవాళ్లతో జతచేసే కంప్యూటర్). మంచి ధర ముందు, అదే ధరలో ముందు వచ్చినది ముందు.
- ఫిల్ సమాచారం అదే దారిన వెనక్కి. సెటిల్‌మెంట్ (డబ్బు, షేర్లు చేతులు మారడం) మరుసటి పనిదినాన. 2024 మే 28 నుంచి ఇదే పద్ధతి.

నాస్‌డాక్ ఇంజన్లు న్యూజెర్సీలోని కార్టెరెట్‌లో, న్యూయార్క్ ఎక్స్ఛేంజీవి మావాలో, ఎడ్జ్‌ఎక్స్ నడిపే సీబోవి సెకాకస్‌లో ఉన్నాయి. ఎడిసన్‌లో ఉండే మనవాళ్లకు కార్టెరెట్ దగ్గరే. అయితే ఇల్లు దగ్గరైనంత మాత్రాన ఫిల్ త్వరగా రాదు, ఆర్డర్ ముందు బ్రోకర్ సర్వర్‌కు వెళ్లి రావాల్సిందే.

పాత ఈసీఎన్‌లలో (ఎక్స్ఛేంజీ బయట ఆర్డర్లను జతచేసిన ఎలక్ట్రానిక్ వేదికలు) చాలావరకు ఎక్స్ఛేంజీల్లో కలిసిపోయాయి, లేదా తామే ఎక్స్ఛేంజీలయ్యాయి. రూటు జాబితాలో కనిపించే ఆర్కా, ఎడ్జ్‌ఎక్స్ పేర్లు ఆ రోజుల నుంచి వచ్చినవే. ట్రేడర్లు ఇప్పటికీ అలవాటుగా అన్నిటినీ ఈసీఎన్‌లనే అంటారు.

## 2. మొదటి ఆర్డర్‌కు ముందు సర్దుకోవాల్సినవి

ఖాతా. మార్జిన్ ఖాతాలో (బ్రోకర్ అప్పుతో కొనగలిగేది) ఐదు పనిదినాల్లో నాలుగు, అంతకు మించి డే ట్రేడ్లు (అదే రోజు కొని అమ్మడం) చేస్తే 25,000 డాలర్ల కనీస ఈక్విటీ అడిగే ప్యాటర్న్ డే ట్రేడర్ నియమం చాలాకాలం ఉంటూ వచ్చింది. దాన్ని మార్చడానికి బ్రోకర్ల నియంత్రణ సంస్థ ఫిన్రా 2025లో పూనుకుంది కాబట్టి మీ బ్రోకర్ ప్రస్తుతం ఏం పాటిస్తున్నాడో రాతపూర్వకంగా అడగండి. సొంత డబ్బుతోనే కొనే క్యాష్ ఖాతాకు ఈ నియమం వర్తించదు. కానీ సెటిల్ కాని డబ్బుతో కొని, అది సెటిల్ అయ్యేలోపే అమ్మేస్తే ఉల్లంఘన కింద రాస్తారు.

ఇండియాలో ఉండి ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపే రిజర్వు బ్యాంకు పథకం) కింద డబ్బు పంపేవాళ్లకు ఒక హద్దు ఉంది. విదేశీ మార్కెట్లలో మార్జిన్‌కు, మార్జిన్ కాల్‌కు (ఈక్విటీ తగ్గినప్పుడు బ్రోకర్ అడిగే అదనపు డబ్బు) ఆ దారిన డబ్బు పంపకూడదు. క్యాష్ ఖాతాతోనే సరిపెట్టుకోండి.

ఉద్యోగం. బ్యాంకులోనో బ్రోకరేజీలోనో పనిచేస్తుంటే, ఐటీ విభాగంలో కాంట్రాక్టర్‌గా అయినా సరే, బయట ట్రేడింగ్ ఖాతా తెరవడానికి కంప్లయన్స్ అనుమతి కావాలేమో ముందే అడగండి. ఖాతా తెరిచాక అడిగితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

డేటా. లెవెల్ 1లో ఒక్కో వైపు ఒకే ఉత్తమ ధర కనిపిస్తుంది. రూటు ఎంచుకోవాలంటే ఏ ఎక్స్ఛేంజీలో ఏ ధరకు ఎన్ని షేర్లున్నాయో తెలియాలి. దానికి లెవెల్ 2 కావాలి: నాస్‌డాక్ టోటల్‌వ్యూ, ఆర్కా బుక్ లాంటివి. డేటా రేటును నిర్ణయించే "నాన్ ప్రొఫెషనల్" డిక్లరేషన్‌పై చదవకుండా సంతకం చేయకండి. కంపెనీ పేరు మీద ఖాతా ఉంటే సాధారణంగా ప్రొఫెషనల్ రేటే పడుతుంది, అది చాలా ఎక్కువ.

కమిషన్ ప్లాన్. ఇంటరాక్టివ్ బ్రోకర్స్ ప్రో ఖాతానే చూద్దాం. ఫిక్స్‌డ్ ప్లాన్‌లో షేరుకు 0.005 డాలర్లు, ఆర్డర్‌కు కనీసం 1 డాలర్. టియర్డ్‌లో నెలకు మొదటి 3 లక్షల షేర్ల వరకు 0.0035, కనీసం 0.35, ఎక్స్ఛేంజీ ఫీజులు, రిబేట్లు వేరు. రూటు మీరే ఎంచుకుంటే టియర్డ్ లాంటి ప్లానే మేలు, ఫిక్స్‌డ్‌లో రిబేటు మీ దాకా రాదు. కనీస ఛార్జీని తేలిగ్గా తీసుకోకండి. ఫిక్స్‌డ్‌లో 1,000 షేర్లు ఒకే ఆర్డర్‌గా కొంటే 5 డాలర్లు, పది ముక్కలు చేస్తే 10 డాలర్లు.

ట్రేడ్ డెస్క్ (ఫోన్లో ఆర్డర్లు చూసుకునే బ్రోకర్ సిబ్బంది) నంబరు. ఫోన్లో సేవ్ చేయండి, ఖాతా నంబరుతో సహా. ప్లాట్‌ఫామ్ పడిపోయినప్పుడు దాన్ని వెతకడానికి ఇంటర్నెట్ ఉండకపోవచ్చు.

## 3. తీసుకుంటున్నారా, పెడుతున్నారా?

రూటు కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇదే. ఇది తేలకుండా రూటు గురించి ఆలోచించడం ఊరు తెలియకుండా బస్సెక్కడం లాంటిది.

తీసుకోవడం: ఎదుటివాడు పెట్టిన ధరకు వెంటనే కొనడం. మామూలు ఎక్స్ఛేంజీల్లో దీనికి ఫీజు పడుతుంది. చాలాకాలంగా దీని గరిష్ఠ పరిమితి షేరుకు 0.0030 డాలర్లు, డాలరు లోపు షేర్లకు ధరలో 0.3 శాతం. ఈ పరిమితిని 0.0010కి దించే నియమాన్ని 2024 సెప్టెంబరులో ఎస్‌ఈసీ ఆమోదించింది గానీ అమలు వాయిదా పడింది. లెక్క వేసే ముందు బ్రోకర్ తాజా ఫీజు పట్టిక చూడండి.

పెట్టడం: మీ ధరను ఎక్స్ఛేంజీ బుక్‌లో (వేచి ఉన్న ఆర్డర్ల జాబితా) నిలబెట్టి ఎవరైనా వచ్చి తీసుకునేదాకా ఆగడం. మామూలు ఎక్స్ఛేంజీల్లో దీనికి రిబేటు వస్తుంది.

తిరగబడ్డ ఎక్స్ఛేంజీలు: ఎడ్జ్‌ఎ, బివైఎక్స్, నాస్‌డాక్ బీఎక్స్. వీటిలో తీసుకునేవాడికి రిబేటు, పెట్టేవాడికి ఫీజు.

ఈ మూడోదాంట్లో ఒక కిటుకు ఉంది. నాస్‌డాక్‌లో 24.98 బిడ్ (కొనేవాళ్లు ఇస్తామన్న ధర) దగ్గర 9,000 షేర్ల క్యూ ఉందనుకోండి. దాని చివర నిలబడితే ధర మీ దాకా వచ్చేసరికి సాధారణంగా మీకు వ్యతిరేకంగా పడిపోతూ ఉంటుంది. అదే 24.98 దగ్గర బివైఎక్స్‌లో పెడితే కాస్త ఫీజు పడుతుంది, కానీ అమ్మేవాళ్ల రూటర్లు రిబేటు కోసం ముందు అక్కడికే వస్తాయి కాబట్టి మీకు ముందు ఫిల్ అవుతుంది. ఫిల్ ముఖ్యమైనప్పుడు ఆ కాస్త ఫీజు కట్టడమే లాభం.

## 4. ఏ పనికి ఏ రూటు

- ఇప్పుడే కావాలి, పరిమాణం ఎక్కువ: బ్రోకర్ స్మార్ట్ రూటర్ లేదా స్వీప్ రూటు. ఒకేసారి నాలుగైదు చోట్లకు పంపడంలో మన వేళ్లు దానితో పోటీపడలేవు.
- ఇప్పుడే కావాలి, ఉన్నవన్నీ ఒకేచోట: ఆ ఎక్స్ఛేంజీకే నేరుగా, ఐఓసీ (దొరికినంత తీసుకుని మిగతాది రద్దు) షరతుతో.
- ఆగగలను, క్యూ చిన్నది: ఎడ్జ్‌ఎక్స్, ఆర్కా, నాస్‌డాక్ లాంటి మామూలు ఎక్స్ఛేంజీల్లో పోస్ట్ ఓన్లీ (బుక్‌లో పెట్టడానికి మాత్రమే, తీసుకునేలా ఉంటే తిరస్కారం).
- ఆగగలను, క్యూ పొడుగు: తిరగబడ్డ ఎక్స్ఛేంజీ.
- స్ప్రెడ్ (బిడ్‌కు, అమ్మేవాళ్లు అడిగే ఆస్క్‌కు మధ్య తేడా) వెడల్పుగా ఉంది: మిడ్‌పాయింట్ పెగ్ (ఆ రెండింటికీ సరిగ్గా మధ్య ధరకు కట్టిన ఆర్డర్). ఐఈఎక్స్ ఎక్స్ఛేంజీ దీనికి మంచి చోటు. అక్కడ వచ్చే ఆర్డర్లన్నిటికీ 350 మైక్రోసెకన్ల ఆలస్యం ఉంటుంది కాబట్టి, ధర మారే క్షణంలో పాత ధరకు మీ ఆర్డర్‌ను తన్నుకుపోయే వేగగాళ్ల బెడద తగ్గుతుంది.
- ఓపెనింగ్, క్లోజింగ్ వేలం (రోజు మొదటి, చివరి ధరలను ఒకేసారి తేల్చే ట్రేడింగ్): షేరు లిస్టయిన ఎక్స్ఛేంజీకే.

కొత్తలో మూడు రూట్లు చాలు: స్మార్ట్, ఆర్కా, ఎడ్జ్‌ఎక్స్. జాబితాలో నలభై ఉన్నాయని నలభై వాడక్కర్లేదు.

## 5. ఆర్డర్ టికెట్ నింపే వరుస

1. సింబల్, వైపు. కొనుగోలా, అమ్మకమా, షార్టా. చేతిలో ఉన్నవి అమ్మడానికి, షార్ట్ కొట్టడానికి కొన్ని ప్లాట్‌ఫామ్‌లలో వేర్వేరు బటన్లు ఉంటాయి.
2. పరిమాణం. ప్లాట్‌ఫామ్ సెట్టింగ్స్‌లో ఒక్క ఆర్డర్‌కు గరిష్ఠ పరిమితి ముందే పెట్టండి. 500కు మించి కొననివాళ్లు 500 పెట్టండి. ఒక సున్నా ఎక్కువ పడినప్పుడు ఆ పరిమితే కాపాడుతుంది.
3. ధర. మార్కెట్ ఆర్డర్ (ఏ ధరకైనా సరే అనడం) వద్దు. వెంటనే కావాలంటే ఆస్క్ మీద 2, 3 సెంట్లు పెంచి లిమిట్ (ఇంతకు మించి వద్దనే హద్దు ధర) పెట్టండి. తక్కువకు దొరికితే తక్కువకే ఫిల్ అవుతుంది, ధర ఎగిరిపోతే మీ లిమిట్ దగ్గర ఆగుతుంది.
4. రూటు. 4వ భాగం ప్రకారం.
5. ఎంతసేపు బతకాలి. ఐఓసీ అంటే దొరికినంత తీసుకో, మిగతాది రద్దు. డే అంటే రోజంతా నిలబడుతుంది.
6. బయటికి వెళ్లొచ్చా. ఎక్స్ఛేంజీకి నేరుగా పంపినా, అది మీ ఆర్డర్‌ను వేరేచోటికి మళ్లించగలదు. అలా మళ్లితే ఫీజు వేరు. వద్దనుకుంటే నాన్ రూటబుల్ ఎంచుకోండి.
7. కనిపించాలా. మొత్తం చూపించవచ్చు, కొంత చూపి మిగతాది వెనక దాచవచ్చు, పూర్తిగా దాచవచ్చు. అదే ధర దగ్గర దాచిన షేర్లు కనిపించేవాటి తర్వాతే ఫిల్ అవుతాయి.

పంపే ముందు 5, 6 గడులు మళ్లీ చూడండి. రూటు సరిగ్గా పెట్టి ఈ రెండింటి దగ్గర బోల్తా పడేవాళ్లే ఎక్కువ.

## 6. ఒక ఆర్డర్‌ను దగ్గరగా చూద్దాం

1,000 షేర్లు కొనాలి. బిడ్ 24.98. అమ్మకం వైపు లెవెల్ 2 ఇలా ఉంది:

- ఆర్కా: 25.00 దగ్గర 300
- ఎడ్జ్‌ఎక్స్: 25.00 దగ్గర 200
- నాస్‌డాక్: 25.01 దగ్గర 500
- ఆర్కా: 25.02 దగ్గర 400

ఆర్కాకు నేరుగా, లిమిట్ 25.02, ఐఓసీ, నాన్ రూటబుల్. ఆర్కాలో 25.02 లోపు మొత్తం 700 ఉన్నాయి కదా, 700 వస్తాయనుకుంటారు. వచ్చేవి 300. వేరే ఎక్స్ఛేంజీలో 25.00కే షేర్లు కనిపిస్తుండగా వాటిని దాటేసి ఆర్కా మీకు 25.02కు అమ్మకూడదు. ఎస్‌ఈసీ రెగ్యులేషన్ ఎన్‌ఎంఎస్‌లోని 611వ నియమం అది. మిగిలిన 700 రద్దవుతాయి. "ఎదురుగా ఉన్నా ఎందుకు రాలేదు" అన్న ప్రశ్నకు పదిసార్లలో తొమ్మిదిసార్లు ఇదే జవాబు.

అదే ఆర్డర్, ఐఓసీ బదులు డే. 300 వస్తాయి. మిగిలిన 700ను ఆర్కా 25.02 దగ్గర చూపించదు. ఎడ్జ్‌ఎక్స్ అమ్మకపు ధరను తాకకుండా 24.99కి సర్ది నిలబెడుతుంది. మీరు తీసుకోబోయి పెట్టినవారయ్యారు. బుక్‌లో మీ ధర మారినట్టు కనిపిస్తే కంగారుపడి ఇంకో ఆర్డర్ కొట్టకండి.

అదే ఆర్డర్, రూటబుల్. ఆర్కా 300 ఇచ్చి, మిగతాది ఎడ్జ్‌ఎక్స్‌కు, నాస్‌డాక్‌కు మళ్లిస్తుంది. ఆ ప్రయాణంలో ఎదుటి షేర్లు కదలొచ్చు.

స్మార్ట్ స్వీప్, లిమిట్ 25.02. ఆర్కా 300, ఎడ్జ్‌ఎక్స్ 200, నాస్‌డాక్ 500 ఒకేసారి. ఖర్చు 25,005 డాలర్లు, సగటు 25.005. తీసుకున్న ఫీజు 0.0030 చొప్పున 3 డాలర్లు, కమిషన్ 0.0035 చొప్పున 3.50.

ఎడ్జ్‌ఎక్స్‌లో 24.98కి పోస్ట్ ఓన్లీ. మొత్తం ఫిల్ అయితే 24,980 డాలర్లే, పైగా షేరుకు 0.0020 రిబేటు అనుకుంటే 2 డాలర్లు వెనక్కి. ఫిల్ కాక ధర 25.06కి వెళ్లి, అక్కడ వెంటపడి కొన్నారనుకోండి, స్వీప్‌తో పోలిస్తే 55 డాలర్లు ఎక్కువ. రెండు డాలర్ల రిబేటు కోసం కొనాల్సిన షేరు వదులుకోవడం అసలుకే ఎసరు.

## 7. ఫిల్ రిపోర్టు చదవడం

ప్రతి ఫిల్ పక్కనా నాలుగు విషయాలు చూడండి: ఎక్కడ ఫిల్ అయింది, ఎన్ని, ఏ ధర, లిక్విడిటీ కోడ్ ఏమిటి. కోడ్ మూడు రకాలు: పెట్టారు, తీసుకున్నారు, బయటికి మళ్లింది.

ఆర్డర్ సందేశాల ప్రమాణమైన ఫిక్స్ ప్రోటోకాల్‌తో పనిచేసే సాఫ్ట్‌వేర్ వాళ్లు లాగ్‌నే చదువుకోవచ్చు. కొత్త ఆర్డర్ సందేశం 35=డి. అందులో 54 వైపు (1 కొనుగోలు, 5 షార్ట్), 38 పరిమాణం, 40 రకం (2 లిమిట్), 44 ధర, 59 ఎంతసేపు (0 డే, 3 ఐఓసీ), 100 వెళ్లాల్సిన చోటు. తిరిగి వచ్చే 35=8 సందేశంలో 39 స్థితి చెబుతుంది: 0 అందింది, 1 కొంత ఫిల్, 2 పూర్తి, 4 రద్దు, 8 తిరస్కారం. 851లో 1 ఉంటే పెట్టారు, 2 ఉంటే తీసుకున్నారు, 3 ఉంటే బయటికి వెళ్లింది.

మీరు పోస్ట్ ఓన్లీ అనుకున్నదానికి "తీసుకున్నారు" కోడ్ వచ్చిందంటే హాట్‌కీలో (ఆర్డర్ పంపే షార్ట్‌కట్ మీట) షరతు రాయలేదన్నమాట. ఊహించడం మాని అక్కడ సరిచేయండి.

గత ఆరు నెలల్లో మీ ఆర్డర్లు ఎక్కడెక్కడికి పంపారో అడిగితే బ్రోకర్ చెప్పాలి. రెగ్యులేషన్ ఎన్‌ఎంఎస్‌లోని 606వ నియమం మీకిచ్చిన హక్కు అది.

## 8. తరచూ జరిగే తప్పులు, సవరణలు

రద్దు నొక్కగానే రెండో ఆర్డర్. ఆర్కాలో 500 ఫిల్ కావడం లేదని రద్దు నొక్కి, వెంటనే ఎడ్జ్‌ఎక్స్‌లో 500 కొడతారు. రద్దు అనేది విన్నపం మాత్రమే. అది చేరేలోపు మొదటిది ఫిల్ అయితే చేతిలో 1,000. సవరణ: "రద్దయింది" అన్న నిర్ధారణ వచ్చాకే రెండోది. "రద్దు పంపాం" అన్నది నిర్ధారణ కాదు.

పోస్ట్ ఓన్లీ తిరస్కారం. మీ ధర ఎదుటి ధరను తాకుతోంది. ఒక సెంటు వెనక్కి జరపండి, లేదా తీసుకోవాలనే అనుకుంటే షరతు తీసేయండి.

స్టాప్ ఆర్డర్ (ఫలానా ధర తాకితేనే మేల్కొనేది) ఎక్స్ఛేంజీలో ఉందనుకోవడం. న్యూయార్క్ ఎక్స్ఛేంజీ 2016 ఫిబ్రవరిలోనే స్టాప్ ఆర్డర్లు తీసుకోవడం మానేసింది. స్టాప్ సాధారణంగా బ్రోకర్ సర్వర్లో ఉంటుంది, కొన్ని ప్లాట్‌ఫామ్‌లలో మీ కంప్యూటర్‌లోనే. రెండో రకమైతే కరెంటు పోయిన క్షణమే స్టాప్ కూడా పోతుంది. ఏ రకమో బ్రోకర్‌ను అడిగి తెలుసుకోండి.

ధరను మార్చి క్యూ పోగొట్టుకోవడం. ధర మార్చినా, పరిమాణం పెంచినా క్యూ చివరికి వెళ్తారు. పరిమాణం తగ్గిస్తే మామూలుగా చోటు పోదు.

"ధర దూరంగా ఉంది" అన్న తిరస్కారం. బ్రోకర్ రిస్క్ గేటు ఆపింది. దశాంశ బిందువు ఎక్కడ పడిందో చూడండి. డాలరు పైన ఉన్న షేర్లకు సెంటులో భాగాలతో ధర రాసినా ఇలాగే తిప్పి పంపుతారు.

ఘోరమైన తప్పు ధరకు ఫిల్. వెంటనే ట్రేడ్ డెస్క్‌కు ఫోన్ చేయండి. పొరపాటు ట్రేడ్‌గా పరిశీలించమని ఎక్స్ఛేంజీని అడగడానికి గడువు 30 నిమిషాలే. అడిగినంత మాత్రాన రద్దు చేస్తారన్న హామీ లేదు.

## 9. వేళను బట్టి మారేవి

టైములన్నీ న్యూయార్క్ గడియారం ప్రకారం. ఉదయం 9:30 అంటే ఇండియాలో వేసవిలో రాత్రి 7:00, చలికాలంలో 8:00.

ప్రీ మార్కెట్, ఆఫ్టర్ అవర్స్. తెల్లవారుజామున 4:00 నుంచి రాత్రి 8:00 దాకా ఆర్కా, నాస్‌డాక్ లాంటివి తెరిచి ఉంటాయి. 611వ నియమం రక్షణ ఉదయం 9:30 నుంచి సాయంత్రం 4:00 దాకానే. ఆ వేళ దాటితే పక్క ఎక్స్ఛేంజీలో మంచి ధర ఉన్నా మీకు చెడ్డ ధరకు ఫిల్ కావచ్చు. కాబట్టి లిమిట్ తప్ప ఏదీ వద్దు, పరిమాణం సగానికి తగ్గించండి, టికెట్‌లో "రెగ్యులర్ అవర్స్ బయట" గడి టిక్ చేయండి. అది మరచిపోతే ఆర్డర్ 9:30 దాకా కదలదు.

క్లోజింగ్ వేలం. మార్కెట్ ఆన్ క్లోజ్ (ముగింపు ధరకు కొనే, అమ్మే) ఆర్డర్లకు న్యూయార్క్ ఎక్స్ఛేంజీలో గడువు మధ్యాహ్నం 3:50, నాస్‌డాక్‌లో 3:55. రెండింట్లోనూ 3:50 దాటాక మామూలుగా వెనక్కి తీసుకోలేరు.

ట్రేడింగ్ పాజ్. ధర హద్దు దగ్గర 15 సెకన్ల పాటు ఇరుక్కుంటే 5 నిమిషాలు ఆపుతారు. మళ్లీ తెరిచేది లిస్టయిన ఎక్స్ఛేంజీ వేలంతో. ఆగి ఉన్నప్పుడు ఐఓసీలు కొడుతూ కూర్చోవడం దండగ.

షార్ట్ నిషేధ రోజు. ముందురోజు ముగింపు కన్నా షేరు 10 శాతం పడితే ఆ రోజంతా, మరుసటి రోజూ బిడ్‌ను కొట్టి షార్ట్ చేయలేరు. జాతీయ ఉత్తమ బిడ్ కన్నా పైధరకే పెట్టాలి.

## 10. మొదటి వారం చెక్‌లిస్ట్

- సిమ్యులేటర్‌లో ప్రతి హాట్‌కీ నొక్కి, లాగ్‌లో ధర, రూటు, ఐఓసీ లేదా డే సరిపోయాయో చూడండి. సిమ్యులేటర్‌లో క్యూ నిజంగా ఉండదు, పెట్టిన ఆర్డర్లు అక్కడ సులువుగా ఫిల్ అవుతాయి. బటన్లు పరీక్షించడానికే దాన్ని నమ్మండి.
- అన్నీ రద్దు చేసే హాట్‌కీ ఒకటి తప్పనిసరి, కొను బటన్‌కు దూరంగా.
- నిజం డబ్బుతో 10 షేర్లు, రోజుకు ఐదారు ఆర్డర్లు. ఒకే షేరు, ఎక్కువ ట్రేడయ్యేది.
- ఒక్కో రూటులో ఒకసారి తీసుకోండి, ఒకసారి పెట్టండి. మరుసటి ఉదయం స్టేట్‌మెంట్‌లో ఫీజు, రిబేటు మీ లెక్కతో పోల్చండి.
- ఒక ఆర్డర్ కావాలని బుక్‌లో నిలబెట్టి, రద్దు నొక్కి, నిర్ధారణ రావడానికి ఎంతసేపు పడుతుందో 9:31కి ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి గమనించండి.
- ట్రేడ్ డెస్క్‌కు ఒకసారి ఫోన్ చేసి, ఎత్తడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి.